మొక్కలు, రాత, సేవ, బిడ్డతో చదువు: నాలుగూ సాగేలా రోజును అమర్చుకునే పద్ధతి

ఉద్యోగమో వ్యాపారమో ఇంటి పనో చూసుకుంటూనే మిద్దె మీద నాలుగు మొక్కలు పెంచాలని, రోజూ కాస్త రాయాలని, వారానికొకసారైనా ఊరికి పనికొచ్చే పని చేయాలని, రాత్రి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం చదవాలని కోరుకునేవారు చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. మొదలుపెట్టడం తేలికగానే ఉంటోంది, నెల తిరక్కుండానే రెండు ఆగిపోతున్నాయి, నాలుగూ నిలవాలంటే ఏం చేయాలి అని.

ఖాళీ సమయాన్ని నాలుగు సమాన భాగాలు చేసుకోవడంతోనే చిక్కు మొదలవుతుందని నా నమ్మకం. ఈ నాలుగు పనులూ ఒక జాతివి కావు. ఒకటి ఒక్క రోజు వాయిదా వేసినా చెడుతుంది, ఇంకొకటి వారం ఆగినా నష్టపోదు. కాబట్టి ఏది ఎంత ఆలస్యాన్ని ఓర్చుకుంటుందో ముందు తేల్చుకుని, ఆ వరుసలోనే వేళలు ఖాయం చేసుకోవాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండను, నీటిని, వానలను దృష్టిలో పెట్టుకుని ఆ వరుసను కింద వివరిస్తున్నాను.

1. ఏ పని ఎంత ఆగగలదో రాసుకోండి

బిడ్డతో చదవడం రోజులో ఒక నిర్ణీత వేళకే కుదురుతుంది. ఎనిమిదిన్నరకు నిద్ర ముంచుకొచ్చే పిల్లవాడికి పదింటికి కథ చదువుతానంటే కుదరదు. ఒక రోజు తప్పితే నష్టం లేదు గాని, వరుసగా నాలుగు రోజులు తప్పితే పిల్లలు అడగడం మానేస్తారు.

కుండీలోని మొక్క మే నెలలో ఒక్క పూట ఆగలేదు, జనవరిలో రెండు రోజులు ఆగగలదు. రాత ఎన్ని రోజులైనా ఆగుతుంది, కానీ ఆగిన ప్రతి రోజూ తిరిగి అందుకోవడానికి పట్టే వ్యవధి పెరుగుతుంది. సేవ మీ కోసం ఆగదు, ఎందుకంటే అవతల మనుషులు ఎదురుచూస్తుంటారు. అయితే ఎంత ఒప్పుకోవాలన్నది పూర్తిగా మీ చేతిలో ఉంటుంది.

అందుచేత వరుస ఇలా ఉండాలి: మొదట బిడ్డ వేళను ఖాయం చేయాలి, తర్వాత తోటను మోయగలిగినంతకు కుదించాలి, ఆ తర్వాత రాతకు చోటు చూడాలి, చివరగా సేవకు మాట ఇవ్వాలి. చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. ముందు నలుగురిలో మాట ఇచ్చేస్తారు, మిగిలిన దానిలో ఇల్లు సర్దుకోవాలని చూస్తారు.

2. వారం పాటు ఉన్నది ఉన్నట్టు గమనించండి

ఏదీ మార్చకుండా ఒక వారం మీ రోజు ఎలా గడుస్తోందో చిన్న పుస్తకంలో రాసుకోండి. నిద్ర లేచిన వేళ, కుళాయి నీళ్లు వచ్చే వేళ, బడి బస్సు వేళ, కరెంటు పోయే వేళ, ఫోను చేతిలో ఉన్న వ్యవధి ఉంటే చాలు.

ఆ పట్టికలో వెదకవలసింది ఎవరూ మిమ్మల్ని పిలవని ముప్పావు గంట ఒకటి, బిడ్డ కుదురుగా ఉండే అరగంట ఒకటి. ఈ రెండూ దొరికితే మిగతాది అమరుతుంది.

3. బిడ్డతో చదివే వేళను ఖాయం చేయండి

ఇరవై నిమిషాలు చాలు. రాత్రి భోజనమయ్యాక, పడుకునే ముందు అయితే చాలా ఇళ్లలో కుదురుతుంది. బడి నుంచి రాగానే కూర్చోబెడితే పిల్లలు దాన్ని హోంవర్కులో ఒక భాగంగా తీసుకుంటారు కాబట్టి ఆ వేళ వద్దు.

కూర్చునే తీరు ముఖ్యం. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుని, అక్షరాలు బిడ్డకు నిటారుగా కనిపించేలా పుస్తకం పట్టుకోవాలి. చదివే వరుస కింద వేలు పెట్టి మెల్లగా జరపాలి. అక్షరాలు ఇంకా రాని పిల్లలు కూడా ఈ వేలి వెంట చూపు జరపడం నేర్చుకుంటారు.

మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు మీరే చదవండి, బొమ్మల గురించి వాళ్లను మాట్లాడనివ్వండి. అడిగిన పుస్తకమే మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకుండా చదవండి. విన్న వాక్యమే తిరిగి వినడం వల్ల తర్వాత వచ్చే మాటను వాళ్లు ముందే ఊహిస్తారు, ఆ ఊహే చదవడానికి తొలి మెట్టు. అయిదు నుంచి ఏడేళ్ల మధ్య, గుణింతాలు వస్తున్న దశలో, మీరు ఒక వాక్యం చదివి అదే వాక్యాన్ని వాళ్లతో చదివించండి. ఎనిమిదేళ్లు దాటాక చెరొక పేరా చదువుకోవచ్చు.

ఒత్తుల దగ్గర ఎక్కువమంది పిల్లలు ఆగిపోతారు, ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలు మరీను. ఆగినచోట మూడు లెక్కపెట్టేంతసేపు మౌనంగా ఉండండి. అప్పటికీ రాకపోతే మాట మీరే పలికి ముందుకు సాగండి. అక్షరాలు విడివిడిగా చెప్పించడం మొదలుపెడితే కథ చచ్చిపోతుంది. ఒక పేజీలో అయిదు మాటల కంటే ఎక్కువ అడ్డం తగిలితే ఆ పుస్తకాన్ని వాళ్లు చదవడం ఆపి, మీరు చదివి వినిపించండి.

పుస్తకంలోని భాష మన ఇళ్లలో మాట్లాడే తీరుకు దూరంగా ఉంటుంది. చదివేటప్పుడు అచ్చులో ఉన్నది ఉన్నట్టే చదవండి. అయిపోయాక అదే కథను ఇంటి మాటల్లో బిడ్డను చెప్పమనండి. ప్రశ్నలు అడిగి పరీక్ష పెట్టడం కంటే ఈ తిరిగి చెప్పడం వల్లే అర్థమైందో లేదో బాగా తెలుస్తుంది.

పుస్తకాల కోసం పెద్ద ఖర్చు అక్కరలేదు. జిల్లా కేంద్ర గ్రంథాలయంలోగాని, మీ ఊరి శాఖా గ్రంథాలయంలోగాని ధరావతు (డిపాజిట్) కట్టి సభ్యత్వం తీసుకుంటే ఇంటికి తెచ్చుకోవచ్చు. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వంటి సంస్థల పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు నాలుగు స్థాయిలుగా విభజించి ఉచితంగా పెట్టారు. వాటిని ప్రింటు తీసుకోవడానికీ అనుమతి ఉంది. ఫోనులోనే చదివించకుండా నలుపు తెలుపులో ప్రింటు తీయించి కుట్టించండి, పిల్లలు వాటికి రంగులు కూడా వేసుకుంటారు.

చదివే వేళకు ముందు చూసుకోవలసినవి:

- రేపటికి ఏ పుస్తకమో ఈ రాత్రే తీసి తలగడ పక్కన పెట్టారా
- ఇంట్లో పెద్దల ఫోన్లు కూడా వేరే గదిలో ఉన్నాయా
- కరెంటు పోతే చార్జింగు లైటు అందుబాటులో ఉందా
- మీరు ఊళ్లో లేని రోజు చదివేదెవరో, నాన్నో అమ్మమ్మో తాతయ్యో, ముందే అనుకున్నారా

4. తోటను బకెట్లతో కొలవండి

ఎన్ని కుండీలు పెట్టాలన్నది మిద్దె వైశాల్యాన్ని బట్టి కాకుండా మీరు రోజూ మోయగలిగిన నీటిని బట్టి నిర్ణయించుకోవాలి. పన్నెండు అంగుళాల కుండీకి ఎండాకాలంలో పూటకు సుమారు రెండు లీటర్లు పడుతుంది. ఇరవై కుండీలంటే పూటకు నలభై లీటర్లు, అంటే ఇరవై లీటర్ల బకెట్లు రెండు. రెండు పూటలకు నాలుగు బకెట్లు. మిద్దె పైన కుళాయి లేకుండా, ఉద్యోగం చేసుకుంటూ ఇంతకు మించి మోయడం చాలామందికి సాధ్యం కాదు. కొత్తగా మొదలుపెట్టేవారు పది కుండీల దగ్గర ఆగాలని నా గట్టి సలహా.

కుండీలు మిద్దె మధ్యలో గుంపుగా పెట్టవద్దు. తడిసిన మట్టితో ఒక్కొక్కటి ఇరవై కిలోలు దాటుతుంది కాబట్టి గోడలూ దూలాలూ ఉన్న వరుసలోనే పెట్టి, కింద ఇటుకలు పెట్టి నీరు బయటికి పోయే దారి ఉంచాలి.

మట్టి కలపడం: ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, కుండీకి ఒక గుప్పెడు వేపపిండి. ఎరువు చివికిందో లేదో చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది: వాసన లేకుండా, పొడిగా, నల్లగా ఉండాలి. పచ్చి పేడ వేస్తే వేడికి వేర్లు మాడతాయి, వేరుపురుగు చేరుతుంది. ఆకుకూరలకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున్న తొట్టి చాలు. వంగ, టమాటా, మిరపలకు పన్నెండు అంగుళాలు, బీర, కాకర, సొర పాదులకు పద్దెనిమిది అంగుళాల కుండీ కావాలి.

మన ప్రాంతంలో రెండు విషయాలు ప్రత్యేకంగా చూసుకోవాలి. మొదటిది నీరు. తీరానికి దగ్గరి చాలా ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆకుల అంచులు మాడి, మట్టి పైన తెల్లటి పొర కడుతుంటే కారణం అదే కావచ్చు. అలాంటప్పుడు రోజూ కొద్దికొద్దిగా పోసేదానితోనే సరిపెట్టుకోకుండా, పదిహేను రోజులకొకసారి దొరికినంత మంచినీటితో కుండీ అడుగు నుంచి కారేదాకా తడపండి, అప్పుడు పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. పాలకూర, గోరుచిక్కుడు ఉప్పు నీటిని కొంతవరకు ఓర్చుకుంటాయి, బీన్స్ ఓర్చుకోవు. నీటి శుద్ధి యంత్రం నుంచి వృథాగా వచ్చే నీటిలో ఉప్పు మరింత చిక్కగా ఉంటుంది కాబట్టి దాన్ని గచ్చు కడగడానికి వాడండి, మొక్కలకు మాత్రం వద్దు.

రెండవది కాలం. హైదరాబాదు వైపు వారికి జూన్‌లో తొలకరి అందుతుంది, అక్కడి తోట పట్టికలన్నీ అప్పుడే విత్తమంటాయి. నెల్లూరు జిల్లాలో వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది, ప్రకాశంలోనూ ఆ నెలల వాటా తక్కువేమీ కాదు. జూన్ నెలలో ఇక్కడ ఇంకా వడగాలులే ఉంటాయి. అందుచేత ఈ వరుస పాటించండి:

- జూన్, జులై: ఎండను తట్టుకునే గోంగూర, తోటకూర, బెండ, గోరుచిక్కుడు మాత్రమే
- ఆగస్టు చివర: వంగ, టమాటా, మిరప నారు పోయడం, వంగ, టమాటా నారు నెల లోపు నాటుకు వస్తుంది, మిరపకు మరికొన్ని రోజులు పడుతుంది
- నవంబరు: కొత్త విత్తనాలు వద్దు, జడివానకు కొట్టుకుపోతాయి
- డిసెంబరు చివరి నుంచి: పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి
- జనవరి చివర, ఫిబ్రవరి: వేసవి కాపు కోసం బీర, కాకర, సొర, దోస

వీటిలో సమయం తక్కువ ఉన్నవారికి తోటకూర, బెండ ఉత్తమం. తోటకూర విత్తిన మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తుంది, బెండ ఏడు వారాల లోపే తొలి కాయ ఇస్తుంది. పిల్లలకు ఎదురుచూసే ఓపిక ఉండదు కాబట్టి తొందరగా చేతికొచ్చే పంటతోనే మొదలుపెట్టాలి.

పురుగుల కోసం రోజూ వెదకనక్కరలేదు. ఆదివారం ఒక్కసారి ఆకులన్నీ తిప్పి చూడండి. పిండినల్లి (తెల్లటి దూదిలా అంటుకునే పురుగు), పేనుబంక (లేత చిగుళ్లపై గుంపుగా చేరే చిన్న పురుగులు) కనిపిస్తే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున పిచికారీ చేయండి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి. వారం తర్వాత మళ్లీ ఒకసారి చేయాలి, ఎందుకంటే మొదటిసారి గుడ్లు చావవు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట కుండీల విషయంలో అక్షరాలా నిజం. మే మొదటి వారానికే యాభై శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టి, మట్టి పైన వేరుశనగ పొట్టుగాని, ఎండుటాకులుగాని రెండు అంగుళాల మందాన పరచండి. నీటి అవసరం చెప్పుకోదగినంత తగ్గుతుంది.

5. రాతకు ముప్పావు గంట

రాత కోసం పెద్ద ఖాళీ దొరికే రోజు కోసం ఎదురుచూడవద్దు. తెల్లవారుజామున ఇంట్లో ఎవరూ లేవకముందు ముప్పావు గంట దొరికితే నూట యాభై, రెండు వందల మాటలు రాయవచ్చు. వారానికి అయిదు రోజులు సాగితే ఏడు వందల యాభై నుంచి వెయ్యి మాటలు. ఒక పత్రికకు పంపదగిన వ్యాసం చిత్తుప్రతికి రెండు వారాలు, తిరగరాయడానికి ఇంకొక వారం పడుతుంది.

ఆపేటప్పుడు పేరా పూర్తిచేసి ఆపవద్దు. తర్వాత రాబోయే వాక్యం సగం రాసి, దాని తర్వాత ఏమి చెప్పాలో రెండు ముక్కలు పక్కన పెట్టి లేవండి. మరునాడు కూర్చోగానే చేయి కదులుతుంది. ఈ నలభై అయిదు నిమిషాల్లో నిన్న రాసినది దిద్దుతూ కూర్చుంటే ముందుకు పోలేరు, దిద్దడానికి ఆదివారం ఒక గంట వేరుగా పెట్టుకోండి.

చిత్తుప్రతి కాగితం మీద రాయడం మేలు. ఫోనులో టైపు చేసేవారు ముందు ఫ్లైట్ మోడ్ పెట్టుకోవాలి, అయ్యాక రెండు చోట్ల దాచుకోవాలి. పూర్తయిన రచనను గొంతెత్తి చదివితే ఊపిరి తిరగని వాక్యాలు తెలిసిపోతాయి.

పత్రికకు పంపేటప్పుడు రచన సొంతమని, ఎక్కడా అచ్చు కాలేదని తెలిపే హామీపత్రం జతచేయాలి. ఒకే రచనను ఒకేసారి ఇద్దరికి పంపకూడదు. సంక్రాంతి, ఉగాది, దీపావళి ప్రత్యేక సంచికలకు రెండు నెలల ముందే పంపితే పరిశీలనకు వ్యవధి ఉంటుంది.

6. సేవకు మాట ఇచ్చే ముందు

ఒక పనినే ఎంచుకోండి. శాఖా గ్రంథాలయంలో ఆదివారం గంటసేపు పిల్లలకు కథలు చదవడం, వృద్ధులకు పింఛను అర్జీలు రాసిపెట్టడం, వీధి మొక్కలకు నీళ్లు పోయించడం, వీటిలో ఏదైనా ఒకటి. మంచి పని అని అన్నింటికీ తలూపితే ఒక్కటీ నిలవదు, ఎదురుచూసినవాళ్లకు అన్యాయం జరుగుతుంది.

మాట ఇచ్చే ముందు ఈ నాలుగింటికి స్పష్టమైన జవాబు ఉండాలి: ఏ రోజు, ఎంతసేపు, నేను రాలేకపోతే ఎవరు వస్తారు, ఎప్పటిదాకా. మూడు నెలలకు మాత్రమే ఒప్పుకోండి, ఆ తర్వాత కావాలంటే పొడిగించుకోవచ్చు.

పిల్లల మధ్య పనిచేసేవారు గ్రంథాలయాధికారి నుంచిగాని, ప్రధానోపాధ్యాయుల నుంచిగాని ముందుగా అనుమతి తీసుకోవాలి. పదిమంది పిల్లలకు మించకుండా చూసుకుని, రెండు కథలు సిద్ధం చేసుకుని వెళ్లాలి. మొదటిది పట్టకపోతే రెండవది ఉంటుంది. పిల్లల ఫోటోలు తీసి పంచవద్దు. విరాళాలు సొంత ఖాతాలోకి తీసుకోవద్దు, ఎంత చిన్న మొత్తమైనా.

వారం వారం కుదరనివారికి ఏడాదిలో కొన్ని రోజులే ఉండే పనులున్నాయి. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరుగుతుంది, దూర ప్రాంతాల నుంచి వచ్చేవారికి మంచినీరు ఇవ్వడానికి, దారి చూపడానికి చేతులు కావాలి. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు ఉంటాయి. రక్తదానం ఇంకొక మార్గం: పద్దెనిమిదేళ్లు నిండి, నలభై అయిదు కిలోలకు తగ్గని బరువుండి, హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉన్నవారు, పురుషులైతే మూడు నెలలకొకసారి, స్త్రీలైతే నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. సగం పూటలో ముగిసిపోయే సేవ అది.

7. ఏవి కలపవచ్చు, ఏవి కలపకూడదు

తోటనూ చదువునూ కలపవచ్చు. కుండీలకు పేర్ల పలకలు బిడ్డతోనే రాయించండి. ముందు ఒత్తులు లేనివి: కాకర, బీర, సొర, బెండ, వంగ. తర్వాత ఒత్తులున్నవి: చిక్కుడు, పొట్ల, మిర్చి. రోజూ నీళ్లు పోస్తూ చూసే మాటలు కాబట్టి కంటికి అలవాటవుతాయి. ఒక నోటుపుస్తకంలో వారానికొక వాక్యం బిడ్డ చెప్పగా మీరు రాయండి: ఏది మొలిచింది, ఏది పూసింది. నెల తర్వాత అదే పుస్తకం వాళ్ల చేత చదివించండి, తాము చెప్పిన మాటలు కాబట్టి ఒత్తు దగ్గర కూడా తడుముకోరు.

తోటనూ సేవనూ కూడా కలపవచ్చు. మిగిలిన నారు, ఎండబెట్టిన గింజలు పొట్లాలు కట్టి బడికో పొరుగువారికో ఇవ్వవచ్చు.

రాతను మాత్రం దేనితోనూ కలపవద్దు. బిడ్డ పక్కన ఆడుకుంటుంటే రాసుకుంటానన్న ఏర్పాటు ఇద్దరికీ నష్టం చేస్తుంది. బిడ్డకు మీరు ఉండీ లేనట్టే, మీకు వాక్యం వచ్చీ రానట్టే. అలాగే గ్రంథాలయంలో పదిమందికి కథ చదివిన గంటను సొంత బిడ్డకు చదివిన వేళగా లెక్కపెట్టకండి. అక్కడ మీరు అందరికీ చెందుతారు, రాత్రి ఇరవై నిమిషాలు బిడ్డకే చెందాలి. వెంట తీసుకెళ్లేటట్టయితే బొమ్మలు చూపించే పని అప్పగించండి.

8. రెండు కాలాలకు రెండు పట్టికలు

ఏడాది పొడవునా ఒకే పట్టిక మన ఎండలకు నిలవదు.

మార్చి నుంచి జులై వరకు నీళ్లు సూర్యోదయానికి ముందే పోయాలి. మే నెలలో అయిదు ముప్పావుకే సూర్యుడు వస్తాడు కాబట్టి అయిదు గంటలకు తోట, అయిదున్నరకు ఇంటి పని. రాతను మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతానికి మార్చుకోవాలి, ఆ ఎండలో ఎవరూ తలుపు తట్టరు. ఉద్యోగస్థులు తోట అయ్యాక అరగంట, భోజన విరామంలో పావుగంట అని రెండుగా చీల్చుకోవచ్చు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి కాబట్టి మధ్యాహ్నం బిడ్డ ఇంట్లో ఉంటుంది; ఆ రోజుల్లో రాతను బిడ్డ కునుకు తీసే వేళకు సర్దుకోవాలి. సాయంత్రం ఆరింటికి మళ్లీ నీళ్లు, బిడ్డకు చిన్న మగ్గు ఇచ్చి రెండు కుండీలు అప్పగించండి.

ఆగస్టు నుంచి ఫిబ్రవరి వరకు తెల్లవారుజామున రాత, ఆరున్నరకు తోట. నీళ్లు ఒక పూట చాలు, వాన కురిసిన రోజు అదీ అక్కరలేదు. మట్టిలో వేలు రెండు కణుపుల దాకా పెట్టి చూసి తడిగా ఉంటే పోయవద్దు. కుండీల కింద పళ్లేలలో నిలిచిన నీటిని, దోమలు పెరగకుండా నిల్వ నీళ్లు ఖాళీ చేసే శుక్రవారం డ్రైడే నాడు పారబోయండి, దోమ పిల్లలు వారం పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగురుతాయి.

9. పట్టిక నిలవని వారాలు

కొన్ని వారాల్లో నాలుగూ సాగవు. అవి ఏవో ముందే గుర్తుపెట్టుకుంటే నిరాశ ఉండదు.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు కుండీలను మిద్దె అంచు నుంచి గోడవారకు దించి, పందిరి తాళ్లు బిగించి, షేడ్‌నెట్ విప్పేయాలి. గాలికి నెట్ పందిరిని కూడా లాక్కుపోతుంది. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువంటి వారాల్లో తోట, రాత రెండూ పక్కన పెట్టి, ఇల్లు భద్రమనుకున్నాక సేవకే సమయమంతా ఇవ్వండి. బిడ్డతో చదవడం మాత్రం ఆ రోజుల్లో మానవద్దు. చీకట్లో గాలి హోరుకు బెదిరిన పిల్లలకు తెలిసిన కథ, తెలిసిన గొంతు కావాలి.

పరీక్షల వారంలో కొత్త పుస్తకం మొదలుపెట్టకుండా పాతది పది నిమిషాలు చదవండి. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు కుండీలన్నీ నీడలో దగ్గరగా చేర్చి, నిండా తడిపి వెళితే చలికాలంలో రెండు రోజులు ఆగుతాయి. నాలుగు రోజులకైతే పొరుగువారికి ఒక పూట అప్పగించాలి. వేసవిలో ఒక్క రోజుకైనా అప్పగించే వెళ్లాలి.

10. తరచుగా ఎదురయ్యే చిక్కులు, సవరణలు

బిడ్డ ఫోను కోసం మారాం చేస్తుంటే: పుస్తకాన్ని ఫోనుకు బదులుగా ఇవ్వకండి, అప్పుడది శిక్షలా కనిపిస్తుంది. చదివే వేళకు అరగంట ముందే అందరి ఫోన్లు పక్కన పెట్టే నియమం పెట్టండి.

మొక్కలు పొడుగ్గా సాగి కాపు రాకుంటే: ఎండ చాలడం లేదు. రోజుకు అయిదారు గంటలు నేరుగా ఎండ తగిలే చోటికి మార్చండి. ఎండ ఉండీ ఆకులే గుబురుగా వస్తుంటే ఎరువు ఎక్కువైంది, నెల పాటు ఆపండి.

రాత వారం రోజులు ఆగిపోతే: పోయిన వారం లెక్క పూడ్చాలని ఒకేసారి కూర్చోవద్దు. మొదటి రోజు పది నిమిషాలు పాత పేజీ చదివి, ఒక్క వాక్యం చేర్చి లేవండి.

సేవలో అదనపు పని నెత్తిన పడుతుంటే: చూస్తాను అనకుండా, ఈ మూడు నెలలు నాకు కుదరదు అని అప్పుడే చెప్పండి. మీరు ఒప్పుకోకపోతే వాళ్లు ఇంకొకరిని వెదుక్కోగలరు, ఒప్పుకుని రాకపోతే ఆ అవకాశం కూడా ఉండదు.

అలసట మితిమీరితే: తోటలో మూడో వంతు తగ్గించండి. బిడ్డ వేళనుంచిగాని నిద్రనుంచిగాని కోత పెట్టవద్దు.

11. మొదలుపెట్టే వరుస

నాలుగూ ఒకే సోమవారం మొదలుపెట్టకండి.

- మొదటి రెండు వారాలు: రాత్రి చదువు మాత్రమే
- మూడో వారం: రెండు తొట్లలో తోటకూర, రెండు కుండీల్లో బెండ, పేర్ల పలకలు
- అయిదో వారం: ముప్పావు గంట రాత, మొదట వారానికి మూడు రోజులు
- ఏడో వారం: ఈపాటికి తోటకూర కోతకు వచ్చి ఉంటుంది, పట్టిక మీ ఇంటికి సరిపడిందో లేదో తెలిసి ఉంటుంది, మరో ఆరు కుండీలు చేర్చవచ్చు
- మూడో నెల: దగ్గరలోని గ్రంథాలయానికో బడికో వెళ్లి, ఎవరికి ఏమి కావాలో కనుక్కుని, మూడు నెలలకు మాట ఇవ్వండి

మే నెలలో చదువుతున్నవారు, తోటకూర, బెండ ఎండను తట్టుకునేవే అయినా రెండు పూటల నీళ్లతో మొదలుపెట్టకుండా, మూడో వారపు పనిని ఒక పూట నీళ్లు చాలే ఆగస్టు దాకా వాయిదా వేసి, ఈలోగా ఎరువు కొని నీడలో చివకనివ్వండి.